ఎడారిలో రంగును నమ్మకు, తోక చూడు

చిరంజీవి లలితకు,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు జైసల్మేర్ నుంచి పంపిన ఫొటోలన్నీ చూశాను. ప్రతి దాని కిందా "ఇదేంటి పెదనాన్నా?" అని రాశావు. పేర్లు చెప్పేసి ఊరుకోవడం నాకు తేలికే. కానీ సోలార్ ప్లాంటు ఉద్యోగమంటే ఇంకా చాలా కాలం అక్కడే ఉంటావు కదా, నీ అంతట నువ్వే పోల్చుకుంటే అందులో మజా వేరు. జోధ్‌పూర్‌లో పనిచేసినన్నాళ్ళూ సెలవు దొరికితే చాలు ఆ ఇసుకలోనే తిరిగినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నా.

అన్నిటికన్నా ముందు, రంగు చూసి పేరు పెట్టే అలవాటు మానెయ్. మన వైపు అది పనికొస్తుంది కానీ థార్‌లో కాదు. అక్కడ నక్కా, పిల్లీ, జింకా, పిట్టా, బల్లీ అన్నీ ఇసుక రంగే. పైగా పొద్దున కనిపించిన రంగు మధ్యాహ్నం ఎండలో కనపడదు. తోక, చెవులు, నడక, నిలబడ్డ నేల... ఇవి చూడు.

నీ మూడో ఫొటోలో ఉన్నది గుంటనక్కే. అయితే అక్కడ రెండు రకాలున్నాయి. తోక కొస తెల్లగా ఉంటే ఎడారి నక్క. నల్లగా ఉంటే మన పొలాల్లో కూడా తిరిగే మామూలు గుంటనక్క. ఎడారి నక్కకి చెవుల వెనక నలుపు కూడా ఉంటుంది. నువ్వు ముఖం బాగా తీశావు గానీ తోక ఫ్రేములో లేదు, అందుకే నేనూ తేల్చి చెప్పలేను. ఈసారి పారిపోతుంటే నిరాశపడకు, వెనక నుంచైనా తియ్యి. ఆ ఫొటోయే ఎక్కువ పనికొస్తుంది.

పిల్లుల విషయంలోనూ అంతే. ఎడారి పిల్లి ఒంటి మీద చిన్న చిన్న నల్ల మచ్చలుంటాయి, తోక సన్నగా పొడుగ్గా ఉండి కొసన నల్ల పట్టీలుంటాయి. ఒంటి మీద మచ్చల్లేకుండా, కాళ్ళు పొడుగ్గా, తోక పొట్టిగా ఉంటే అది అడవిపిల్లి. ఊళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త. ఇంటి పిల్లులతో కలిసి పుట్టిన సంకరాలు కూడా తిరుగుతుంటాయి, కాబట్టి ఊరి పొలిమేరలో కనిపించినదాన్ని ఎడారి పిల్లి అని గట్టిగా వాదించకు.

జింకలు తేలిక. చింకారాకి ఆడదానికీ కొమ్ములుంటాయి, కాకపోతే చిన్నవి, సన్నవి. నల్ల తోకను ఊరికే ఆడిస్తూనే ఉంటుంది. కృష్ణజింక మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువే కాబట్టి మెలి తిరిగిన కొమ్ములు నీకు తెలుసు. దాని ఆడవాటికి మామూలుగా కొమ్ములుండవు. కృష్ణజింకల్ని మందలు మందలుగా చూడాలంటే చూరూ జిల్లాలోని తాల్ ఛాపర్ వెళ్ళు. చిన్న గడ్డి మైదానం, కారులోంచే కనిపిస్తాయి.

జంతువుల కన్నా ముందు నేలనీ చెట్లనీ నేర్చుకోమంటాను నేను. చాలామంది ఇది వదిలేస్తారు. థార్ అంతా ఇసుక దిబ్బలే అనుకోకు. గట్టి గులక నేల, సేవణ్ గడ్డి మైదానం, ముళ్ళ పొదలు, వాన నీళ్ళు నిలిచే పల్లాలు, ఇలా ఎన్నో రకాలు. అక్కడివాళ్ళు ఖేజ్రీ అనేది మన జమ్మి చెట్టే. తెలంగాణకీ రాజస్థాన్‌కీ రాష్ట్ర వృక్షం అదే. జిల్లేడు సరేసరి. గట్టి నేల మీద బొరియలు, వాటి నోట ముళ్ళ తోకతో లావుపాటి బల్లి ఎండ కాచుకుంటూ కనిపిస్తే అది సాండా. గడ్డీ ఆకులూ తినే అమాయకపు ప్రాణి. సాయంత్రం బొరియలోకి దూరి లోపలి నుంచి మట్టితో మూసుకుంటుంది. చలికాలంలో బయటికి రాదు, అప్పుడు వెతికి లాభం లేదు. దాని కొవ్వు నూనె నొప్పులకి మందని అమ్మేవాళ్ళు తగిలితే కొనకు, అదంతా మోసం, పైగా చట్టరీత్యా నేరం.

పిట్టలతో టెన్షన్ పడకు. ముఖ్యంగా గద్దల జోలికి మొదటి ఏడాది పోకపోయినా నష్టం లేదు. అయినా ఒక్క చిట్కా చెప్తాను. చలికాలంలో స్టెప్ గద్దలు వలస వస్తాయి, టానీ గద్దలు ఏడాది పొడుగునా అక్కడే ఉంటాయి, రెండూ గోధుమ రంగే. నోటి మూలలో పసుపు గీత చూడు. అది కంటి మధ్య దగ్గర ఆగిపోతే టానీ, కంటి వెనక అంచు దాకా సాగితే స్టెప్. బికనీర్ దగ్గర జోర్‌బీర్‌లో చచ్చిన పశువుల్ని వేసేచోట ఈ గద్దలూ రాబందులూ నేల మీదే దగ్గరగా కూర్చుంటాయి. కంపు భరించగలిగితే నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు.

రాయి మీద నిటారుగా కూర్చుని తోక ఆడించే చిన్న పిట్టలు వీటియర్లు. అది ఎగిరేటప్పుడు తోక చూడు. దాదాపు మొత్తం నల్లగా ఉంటే ఎడారి వీటియర్. మొదట్లో తెలుపు, చివర వెడల్పాటి నల్ల పట్టీ ఉంటే ఇసబెల్లైన్.

ఇక నువ్వు అడిగిన బట్టమేక పక్షి. అక్కడ దాన్ని గోడావణ్ అంటారు. మనిషి నడుము ఎత్తుంటుంది, మగది 15 కిలోల దాకా తూగుతుంది. తెల్లటి పొడుగు మెడ, నెత్తి మీద నల్లటి టోపీ. ఎగరడం కన్నా గడ్డిలో నిదానంగా నడవడమే ఎక్కువ. చలికాలంలో వచ్చే తిలోర్ దీనికి చుట్టమే గానీ చాలా చిన్నది, మెడ పక్కన నిలువుగా నల్ల చార ఉంటుంది. కొత్తవాళ్ళు తిలోర్‌ని చూసి బట్టమేక అని సంబరపడుతుంటారు. కర్నూలు వైపు రోళ్ళపాడులో బట్టమేక కోసమే 1988లో అభయారణ్యం పెట్టారు, ఇప్పుడక్కడ దాని జాడే కరువు. జైసల్మేర్ చుట్టుపక్కలే ఎక్కువ మిగిలాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య అక్కడి డెజర్ట్ నేషనల్ పార్కులోని సుదాసరి వైపు తెల్లవారుజామున వెళ్ళు. స్వెట్టర్ తప్పనిసరి, అక్కడి చలి మనం అనుకునే చలి కాదు.

తెల్లవారుజామున ఇంకో లాభముంది. రాత్రి తిరిగినవన్నీ ఇసుక మీద సంతకాలు పెట్టి పోతాయి. వరసగా, విడివిడిగా, ఏటవాలు గీతలు కనిపిస్తే అటువైపు పొదల్లో చెయ్యి పెట్టకు, అది పక్కవాటుగా పాకే రంపపు పొలుసుల విషసర్పం. చిన్నగా ఉంటుంది, చుట్టలు ఒకదానికొకటి రాసి సరసర మని చప్పుడు చేస్తుంది. పాముల్ని మాత్రం దగ్గరికెళ్ళి పోల్చుకోవద్దు. రాత్రి టార్చి లేకుండా అడుగు బయట పెట్టకు, పొద్దున బూట్లు దులిపి వేసుకో. కాటు పడితే మంత్రాలూ తాయెత్తులూ కాదు, నేరుగా ఆసుపత్రి.

బైనాక్యులర్స్ 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేవి) కొనుక్కో, అంతకన్నా పెద్దవి చేతిలో వణుకుతాయి. చూసిన చోటే తేదీ, టైము, నేల ఎలాంటిది, తోక ఎలా ఉంది రాసుకో. పేరు ఖాళీగా వదిలేసినా పర్లేదు.

చివరగా, నీ ఉద్యోగానికి సంబంధించింది. బట్టమేకకి ఎదుట ఏముందో సరిగా కనపడదు, బరువు వల్ల చప్పున పక్కకి తిరగలేదు, అందుకే కరెంటు తీగలకి కొట్టుకుని చచ్చిపోతుంటాయి. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2021లో ఆదేశాలు వచ్చిన గొడవ అదే. నీ లైను కింద పెద్ద పక్షి ఏది పడి ఉన్నా ముట్టుకోకు. స్తంభం నంబరుతో సహా ఫొటో తీసి అటవీశాఖ వాళ్ళకి ఆ రోజే చెప్పు. ఆఫీసులో ఎవరైనా "మనకెందుకులే" అన్నా సరే. అలాగే బట్టమేక గుడ్డు కనిపిస్తే, సాధారణంగా ఒక్కటే పెడుతుంది, నేల మీదే ఉంటుంది, ఆగకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపో. ఆ చోటెక్కడో వాట్సాప్‌లో ఎవరికీ పెట్టకు, నాక్కూడా.

ఆశీస్సులతో,
పెదనాన్న