కన్సల్టెంట్‌గా నెలకు లక్ష ఇస్తామంటున్నారు, చేరవచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బేసిక్ రూ.40,000, పీఎఫ్ పోను చేతికి రూ.75,000 వస్తుంది. మాదాపూర్‌లోని ఒక స్టార్టప్ కన్సల్టెంట్‌గా రమ్మంటోంది. ఇంటి నుంచే పని, నెలకు రూ.లక్ష, అందులో 10 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను). ఈసాప్స్ (కంపెనీ షేర్లను ముందే ఖరారైన ధరకు కొనే హక్కు) తర్వాత ఇస్తారట. అమ్మకు షుగర్, ఆమె నా కంపెనీ బీమాలోనే ఉన్నారు. చేరవచ్చా?

జవాబు: ఈ షరతులతో వద్దు. ఇప్పుడు మీ పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, అంటే రూ.4,800, కంపెనీ వేసేది మరో రూ.4,800 కలిపితే నెలకు రూ.84,600 అందుతున్నట్టు. అక్కడ చేతికొచ్చేది రూ.90,000. నెలనెలా రూ.5,400 తేడా కోసం, టీడీఎస్ వెనక్కొచ్చినా రూ.15,400 కోసం గ్రాట్యుటీ, బీమా, జీతంతో కూడిన సెలవులు వదులుకుంటారా? కనీసం రూ.1.2 లక్షలు, 60 రోజుల నోటీసు అడగండి.

టీడీఎస్ గురించి టెన్షన్ వద్దు. వృత్తి నిపుణుల ప్రిజంప్టివ్ విధానం (ఖర్చుల లెక్కలు లేకుండా ఆదాయాన్ని అంచనాగా చూపడం) మీ పనికి వర్తిస్తే, వచ్చిన ఫీజులో సగాన్నే ఆదాయంగా చూపవచ్చు. వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో రిబేటు వల్ల పన్ను పడదు, కోసిందంతా రిఫండ్ వస్తుంది. కాకపోతే రిటర్ను వేశాకే. ఆ డబ్బు పీపీఎఫ్‌లో వేయండి, ఇక మీకు పీఎఫ్ ఉండదు కదా. ఒకటి గుర్తుంచుకోండి: ఆదాయం సగమే చూపిస్తే బ్యాంకు ఇచ్చే హోమ్ లోన్ కూడా తగ్గుతుంది.

నాకు బాగా ఇబ్బందిగా అనిపించింది ఈసాప్స్ మాట. కంపెనీల చట్టం నిబంధనల ప్రకారం అవి శాశ్వత ఉద్యోగులకు, డైరెక్టర్లకు ఇచ్చేవి. కన్సల్టెంట్ ఆ లెక్కలోకి రారు. ఇచ్చాక కూడా ఏడాది దాటితేగానీ వెస్ట్ కావు, అంటే షేర్లు కొనే హక్కు మీ చేతికి రాదు. ఏ నెల నుంచి పేరోల్‌లోకి (శాశ్వత ఉద్యోగిగా) తీసుకుంటారు, అప్పుడు ఎన్ని ఆప్షన్లు ఇస్తారు అన్నది కాంట్రాక్టులోనే రాయించండి. రాయడానికి వెనకాడితే వాటి విలువ సున్నా అనుకుని నిర్ణయం తీసుకోండి. నోటిమాట మీద తక్కువ ఫీజుకు ఒప్పుకున్న పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది.

అమ్మగారి బీమా మాత్రం రాజీనామాకు ముందే తేల్చుకోండి. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఉందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. అలా మారితే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని తొలి కాలం) లెక్కలోకి వస్తుంది. కొత్తగా తీసుకుంటే షుగర్‌కు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. పాలసీ చేతికొచ్చాకే రాజీనామా లేఖ ఇవ్వండి.