లేసులు తర్వాత మారుద్దాం, ముందు ఆ నొప్పి బిళ్ల ఆపండమ్మా

ప్రశ్న: నాకు 54 ఏళ్లు, మాది రాజమండ్రి. ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ కూడా ఉంది. పొద్దున వాకింగ్‌కి వెళ్తానని మా అబ్బాయి స్నీకర్స్ కొనిపెట్టాడు. నెల రోజులుగా కుడి పాదం పైన లేసులు పడే చోట నొప్పి, బొటనవేలు దగ్గర తిమ్మిరి. మెడికల్ షాపులో అడిగి బిళ్ల వేసుకుంటే అప్పటికి తగ్గుతోంది. లేసులు కట్టడంలో చాలా రకాలున్నాయని వీడియోల్లో చూశాను. నాకు ఏది మంచిది?

జవాబు: లేసుల సంగతి చెప్తానమ్మా. కానీ మీరు రాసినదాంట్లో నాకు భయం వేసింది ‘మెడికల్ షాపులో అడిగి’ అన్న ముక్క దగ్గర. షుగర్, బీపీ రెండూ కిడ్నీని దెబ్బతీసేవే, వాటికి తోడు నెల రోజులుగా పెయిన్‌కిల్లర్ అంటే ఎలా అండీ. బిళ్ల పేరు రాయలేదు, సాధారణంగా షాపుల్లో ఇచ్చేది డైక్లోఫెనాక్ లేదా ఎసిక్లోఫెనాక్ అయ్యుంటుంది. ఇవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, బీపీ పెంచుతాయి, కడుపులో పుండు పడేలా చేస్తాయి. పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నాం కదా ఏం కాదులే అంటారు చాలామంది, అది కడుపుకి కొంత పనికొస్తుంది గానీ కిడ్నీకి ఏం చేస్తుంది చెప్పండి? ఈరోజే ఆపేయండి. ఈ వారంలోనే కిడ్నీ కోసం క్రియాటినిన్, యూరిన్ ఆల్బుమిన్, మూడు నెలల సగటు షుగర్ తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలు చేయించండి. షుగర్, బీపీ మాత్రలు మాత్రం ఆపొద్దు, అవి యథాప్రకారం వేసుకోండి.

ఇక తిమ్మిరి. పాదం పైన కండ పెద్దగా ఉండదు, చర్మం కిందే నరాలు పోతుంటాయి, అందులో ఒకటి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య సందులోకి వెళ్తుంది. లేసు గట్టిగా బిగిస్తే అది నొక్కుకుని సరిగ్గా ఆ సందులోనే మొద్దుబారుతుంది. షూ విప్పిన కాసేపటికి తగ్గుతుంటే, అదీ ఒక్క కాలికే అయితే లేసు మీద అనుమానపడొచ్చు. అలా కాకుండా రెండు పాదాల్లోనూ ఉంటే, రాత్రి పడుకున్నాక అరికాళ్లు మంటలు పుడుతుంటే, నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలియకపోతే అది షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం కావచ్చు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ల ఏళ్ల తరబడి వాడేవాళ్లలో విటమిన్ బి12 తగ్గి కూడా తిమ్మిర్లు వస్తాయి, అది కూడా చూపించుకోండి. 10 గ్రాముల మోనోఫిలమెంట్ అని సన్న నైలాన్ దారం ఉంటుంది, మీరు కళ్లు మూసుకుంటే డాక్టర్ దాన్ని పాదం మీద అక్కడక్కడా ఆనించి తెలుస్తోందా అని అడుగుతారు, రెండు నిమిషాల పని. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా పాదాలు ఇలా చూపించుకోవాలి, మీరు ఎప్పుడైనా చూపించుకున్నారా?

సరే, లేసులు. మామూలుగా అందరం ఇంటూ గుర్తులా వేస్తాం, ఆ ఇంటూలు పాదం పైన ఎముక ఎత్తుగా ఉన్న చోటే పడి నొక్కుతాయి. మీరు లేసుని నొప్పి ఉన్న చోటు దాకా విప్పేయండి. అక్కడ అడ్డంగా దాటించకుండా రెండు కొసల్నీ ఏ వైపుది ఆ వైపే నిటారుగా పై కన్నంలోకి పోనిచ్చి, ఆ పైనుంచి మళ్లీ ఇంటూ వేసుకోండి. నొప్పి ఉన్న చోట లేసు లేకుండా ఖాళీ వస్తుంది. మీకు ఇదే చాలు. పాదం మొత్తం ఎత్తుగా ఉన్నవాళ్లకి ఇంటూలు లేకుండా నిచ్చెన మెట్లలా అడ్డంగా వేస్తే సుఖంగా ఉంటుంది. చివర్లో ఒక కన్నం ఎక్కువ ఉంటుంది చూడండి, అందులో లూప్ చేసి బిగించే పద్ధతి వీడియోల్లో బాగా చూపిస్తారు. అది మడమ జారిపోయి వేళ్లు ముందుకి కొట్టుకునేవాళ్లకి, మీకు వద్దు, చీలమండ దగ్గర ఇంకా బిగుస్తుంది. ఎలా కట్టినా ముడి కింద ఒక వేలు దూరాలి. షూ విప్పాక పాదం మీద లేసు అచ్చు ఎర్రగా పడి ఉంటే ఇంకా వదులు చేయండి.

సాయంత్రానికి షూ బిగుతైపోతోందా? బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంటే పాదాలు వాచొచ్చు, ఆ సంగతి మీ డాక్టర్‌కి చెప్పండి, సొంతంగా మానేయకండి. షూ కొనేది కూడా సాయంత్రం పూట కొంటే మంచిది.

నేను పాదం చూడకుండా రాస్తున్నాను కాబట్టి ఇదే అని తేల్చలేను. వేలితో ఒక్క చోట నొక్కితే తట్టుకోలేనంత నొప్పి ఉంటే ఎముకలో సన్నని చీలిక ఉండొచ్చు, మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా, డాక్టర్ చూసి చెప్పేదాకా వాకింగ్ ఆపండి. పాదం ఎర్రగా వాచి, రెండో కాలితో పోలిస్తే వేడిగా ఉంటే, నొప్పి లేకపోయినా సరే, ఆ కాలు కింద మోపకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. తిమ్మిరి ఉన్న కాళ్లని వేడినీళ్లలో పెట్టకండి, కాలినా తెలియదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ షూ, వాడే మందుల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి, షాపువాళ్లు ఇచ్చిన నొప్పి బిళ్లతో సహా.