కౌన్సిల్ మీటింగ్‌లో అరుపులు కాదు, అజెండా చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నగరపాలక సంస్థల గురించే. నేను కౌన్సిల్ సెక్షన్‌లో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరైనవాణ్ణి కాబట్టి సంపాదకులు అన్నిటినీ కట్ట కట్టి నాకే పంపేశారు. కొన్నిటికి పొడుగ్గా చెబుతాను, కొన్నిటికి రెండు ముక్కలు చాలు.

ప్రశ్న: మా వీధి చివర కాలువ పూడిపోయింది. గట్టి వాన పడితే నీళ్ళు ఇళ్ళలోకి వస్తున్నాయి. మా కార్పొరేటర్ గారు కౌన్సిల్‌లో లేచి దీని మీద గట్టిగా మాట్లాడారు, లోకల్ చానెల్లో కూడా చూపించారు. నెలలు గడిచిపోయాయి, ఒక్కరూ వచ్చి చూడలేదు. కౌన్సిల్‌లో చెప్పినా పని కాకపోతే ఇంకెక్కడ చెప్పుకోవాలండీ?
— ఒక గృహిణి (ఊరి పేరు వేయొద్దన్నారు)

జవాబు: ఆయన మాట్లాడింది జీరో అవర్‌లో అయ్యుంటుందమ్మా. జీరో అవర్‌లో సభ్యులు తమ డివిజన్ సంగతి ఏదైనా లేవనెత్తొచ్చు. మేయర్ గారు "అధికారులు నోట్ చేసుకోండి" అంటారు, వెనక వరసలో ఇంజనీరు డైరీ తెరిచి ఏదో రాసుకుంటాడు, తర్వాతి సభ్యుడు లేస్తాడు. ఆ మాటకి తీర్మానం నంబరు ఉండదు, దాని వెనక డబ్బూ ఉండదు. టీవీలో మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది.

పని జరగాలంటే కాగితం కదలాలి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి కొలతలు తీసుకుని ఎస్టిమేట్ వేస్తాడు, అది ఆయన పై ఇంజనీర్లు డీఈ, ఈఈల మీదుగా పైకి వెళ్తుంది, ఆ పద్దులో డబ్బుందో లేదో అకౌంట్స్ వాళ్ళు రాస్తారు, అప్పుడు కమిషనర్ దగ్గరకి చేరుతుంది. ఖర్చు చిన్నదైతే కమిషనర్ స్థాయిలోనే మంజూరవుతుంది, ఇంకాస్త పెద్దదైతే స్టాండింగ్ కమిటీకి (కార్పొరేటర్లు తమలోంచి ఎన్నుకునే చిన్న కమిటీ), ఆ పైనైతే కౌన్సిల్‌కి, మరీ పెద్దదైతే రాష్ట్ర ప్రభుత్వానికి. ఏ మొత్తం దగ్గర ఏ గుమ్మం ఎక్కాలో జీవోల్లో ఉంటుంది, అప్పుడప్పుడూ మారుతుంటుంది కూడా. కౌన్సిల్ దాకా వచ్చిందంటే అజెండా పుస్తకంలో ఇలాంటి ఒక పేరా కనబడుతుంది: "ఫలానా డివిజన్, ఫలానా వీధిలో సీసీ డ్రెయిన్ నిర్మాణం నిమిత్తం రూ. 18.50 లక్షల అంచనాలకు పరిపాలనా ఆమోదం కొరకు, ఇంజనీరింగ్ విభాగం వారి నివేదిక, కౌన్సిల్ వారి ఉత్తర్వుల నిమిత్తం." ఈ భాష చూసి నవ్వుకోకండి, ఆ పేరా పడిన రోజునే మీ కాలువ కౌన్సిల్ లెక్కలోకి వచ్చినట్టు. ఆ తర్వాత టెండరు, అగ్రిమెంటు, పని.

అయితే మీ ఉత్తరం రెండోసారి చదివితే నాకు తట్టిందేంటంటే, మీకు కొత్త కాలువ అక్కర్లేదు, ఉన్నదాంట్లో పూడిక తీస్తే చాలు. దానికి కౌన్సిల్‌తో పనే లేదు. అది రోజువారీ నిర్వహణ పని. ఆంధ్రాలో అయితే వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, కదలకపోతే సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వండి. తెలంగాణలో అయితే సోమవారం ప్రజావాణి. కొత్త కాలువే కావాలంటే మాత్రం కార్పొరేటర్ గారిని "మాట్లాడారా" అని అడగొద్దు, "ఎస్టిమేట్ అయ్యిందా, ఫైలు ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉంది" అని అడగండి. ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోతే ఆయన కూడా టీవీ కోసమే మాట్లాడారని మీకే అర్థమైపోతుంది.

ప్రశ్న: వందకు పైగా అంశాల్ని కౌన్సిల్ గంటలోపే ఆమోదించిందని పేపర్లో చదివాను. చదవడానికే అంత టైం చాలదు కదా, చర్చ ఎప్పుడు జరిగినట్టు? అసలు మీటింగ్ ఎలా నడుస్తుందో మొదట్నుంచీ చెప్పండి.
— డిగ్రీ విద్యార్థి, రాయలసీమ

జవాబు: మీటింగ్ కంటే ముందు అజెండా ఉంటుంది బాబూ. విభాగాల నుంచి నోట్లు వస్తాయి, కమిషనర్, మేయర్ చూశాక సెక్రటరీ వాటిని వరస పెట్టి పుస్తకం చేస్తారు. మా రోజుల్లో అటెండరు ఆ పుస్తకాల మోపు సైకిల్ వెనక కట్టుకుని కార్పొరేటర్ల ఇళ్ళకి తిరిగి టపా పుస్తకంలో సంతకాలు పెట్టించుకుని వచ్చేవాడు, ఎవరైనా "నాకు అజెండా అందలేదు" అని సభలో గొడవ చేస్తే ఆ సంతకమే మాకు దిక్కు. ఇప్పుడు వాట్సాప్‌లో కూడా పంపుతున్నారు.

మీటింగ్ రోజు మేయర్ అధ్యక్షత వహిస్తారు, మేయర్ లేకపోతే డిప్యూటీ మేయర్. ఆంధ్రాలో 2021 నుంచి కార్పొరేషన్‌కి ఇద్దరు డిప్యూటీ మేయర్లు. కార్పొరేటర్లతో పాటు కౌన్సిలే చేర్చుకునే కో-ఆప్షన్ సభ్యులుంటారు, పదవి రీత్యా వచ్చే ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు ఉంటారు. ఈ ఎక్స్ అఫీషియో వాళ్ళు మామూలు మీటింగులకి రావడం తక్కువ, మేయర్ ఎన్నిక రోజు మాత్రం ఠంచనుగా హాజరు. ముందు సంతాప తీర్మానాలు, తర్వాత సభ్యులు ముందే రాసిచ్చిన ప్రశ్నలకి జవాబులు, జీరో అవర్, ఆ తర్వాత అజెండా. ఈ వరస ఊరూరికీ కాస్త మారుతుంది.

ఇక మీ లెక్క. నూరు అంశాలుంటే అందులో సింహభాగం గొడవ లేనివే ఉంటాయి. లీజు పొడిగింపులు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కొనసాగింపు, మోటార్ల రిపేర్లు, రోడ్డుకి పేరు పెట్టడం, ఇలాంటివి. వాటి మీద అందరూ మాట్లాడితే తెల్లారిపోతుంది. కాబట్టి సెక్రటరీ అంశం నంబరు చదువుతారు, "ఆమోదం, ఆమోదం" అని బల్లలు చరుస్తారు, పక్క అంశానికి వెళ్తారు. ఇంతవరకూ నాకేం అభ్యంతరం లేదు.

నాకు మంట పుట్టించేవి రెండున్నాయి. ఒకటి టేబుల్ అజెండా: ముందు పంపిన పుస్తకంలో లేనివి మీటింగ్ మొదలయ్యాక కాగితాలుగా పంచడం. తుఫాను వచ్చి పంపు హౌస్ కొట్టుకుపోతే అర్థముంది గానీ, ఖరీదైన స్థలం లీజుకిచ్చే సంగతి అప్పటికప్పుడు గుర్తొచ్చిందంటే నమ్మేదెలా? రెండోది ర్యాటిఫికేషన్. పని ముందే చేసేసి, బిల్లు కట్టడానికి ఆమోదం అడగడం. అప్పటికే పోసిన సిమెంటుని కౌన్సిల్ వద్దనలేదు కదా. పోడియం దగ్గర కాగితాలు చింపి ఎగరేస్తే మర్నాడు ఫొటో వస్తుంది, కానీ ఆ గందరగోళంలోనే "అన్ని అంశాలూ ఆమోదించడమైనది, సభ ముగిసింది" అని చదివేసి వెళ్ళిపోయిన సందర్భాలు ఎన్ని ఊళ్ళలో లేవు! ప్రతిపక్షం వాళ్ళు వాకౌట్ చేసి బయట మైకుల ముందు మాట్లాడుతుంటే లోపల తీర్మానాలు చకచకా అయిపోతుంటాయి. ఆ అంశం మీద అసమ్మతి రాతపూర్వకంగా ఇచ్చి రికార్డు చేయించుకున్న సభ్యుడు టీవీలో కనబడడు గానీ, రేపు ఆడిట్‌లోనో కోర్టులోనో పనికొచ్చేది ఆ కాగితమే.

స్టాండింగ్ కమిటీ మీద కూడా ఒక కన్నెయ్యండి. 2021 నాటి కౌన్సిళ్ళలో చూస్తే జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్)లో 15 మంది, విశాఖలో 10 మంది ఉండేవారు, వాళ్ళని ఏటా కార్పొరేటర్లే ఎన్నుకుంటారు. అసలు చర్చ చాలావరకు అక్కడే అయిపోతుంది.

ప్రశ్న: మా డివిజన్ మహిళలకి రిజర్వ్ అయ్యింది. గెలిచింది భార్య, తిరిగేది భర్త. ఆయన కౌన్సిల్ హాల్లో కూర్చోవచ్చా?
— ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: కుదరదు. హాల్లో కూర్చునేది, చెయ్యెత్తేది గెలిచిన ఆవిడే. రాజ్యాంగం మూడో వంతు అంటే మన రెండు రాష్ట్రాలూ సగం సీట్లు మహిళలకి ఇచ్చాయి. మీ పని ఉంటే నేరుగా ఆవిడకే ఫోన్ చేయండి. భర్తగారు ఎత్తితే "మేడమ్ గారికివ్వండి" అనండి. ఇందులో మొహమాటం దేనికి?

ప్రశ్న: మేయర్ పెద్దా, కమిషనర్ పెద్దా? మేయర్ చెప్పినా కమిషనర్ వినలేదని వార్తలొస్తుంటాయి.
— రిటైర్డ్ టీచర్, హైదరాబాద్

జవాబు: ప్రొటోకాల్‌లో మేయరే ప్రథమ పౌరుడు మాస్టారూ. చెక్కు మీద సంతకం, సిబ్బంది మీద అధికారం, తీర్మానాన్ని అమలు చేయడం మాత్రం కమిషనర్ చేతిలో. 1955 నాటి హైదరాబాద్ చట్టం, ఇప్పుడు జీహెచ్‌ఎంసీ చట్టం అంటున్నామే, అందులోనే కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌కి ఇచ్చారు. ఆంధ్రాలో కార్పొరేషన్లకి కూడా పునాది ఆ చట్టమే. కమిషనర్‌ని వేసేది, మార్చేది రాష్ట్ర ప్రభుత్వం, కౌన్సిల్ కాదు. తమకు ఇష్టంలేని తీర్మానాన్ని నిలిపేసే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. కాబట్టి మేయర్ ఒక పార్టీ, ప్రభుత్వం ఇంకో పార్టీ అయితే ఆ కుర్చీ ఎంత ఇరుకో మీరే ఊహించుకోండి.

ప్రశ్న: కాలిఫోర్నియాలో అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు అల్లుడుగారు అక్కడి సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి తీసుకెళ్ళారు. మామూలు జనం వరసగా మైకు దగ్గరకెళ్ళి మాట్లాడుతున్నారు, పార్కులో కుక్కల గురించి ఒకావిడ, సైకిల్ దారి గురించి ఒక కుర్రాడు! మన దగ్గర ఇది ఎందుకు లేదు?
— ఒక దంపతులు, తెనాలి

జవాబు: అక్కడ 1953లో బ్రౌన్ యాక్ట్ అని ఒక చట్టం వచ్చింది. మామూలు మీటింగ్‌కి కనీసం 72 గంటల ముందు అజెండా జనం చూసే చోట పెట్టాలి, ఒక్కో అంశాన్నీ క్లుప్తంగా, మామూలుగా 20 మాటలు దాటనక్కర్లేకుండా రాస్తే సరిపోతుంది, జనానికి మాట్లాడే అవకాశం ఇచ్చి తీరాలి. చాలా ఊళ్ళలో మనిషికి మూడు నిమిషాలు. మీరు గమనించారో లేదో, ఆ కుక్కల ఆవిడకి కౌన్సిల్ వాళ్ళు పెద్దగా జవాబు చెప్పి ఉండరు. అజెండాలో లేని దాని మీద అక్కడికక్కడ నిర్ణయం తీసుకోకూడదని అదే చట్టం చెబుతుంది. అంటే మన టేబుల్ అజెండా ఆటలు అక్కడ అంత సులువు కాదు, అత్యవసరాలకే మినహాయింపులు. గొడవలేని అంశాలన్నీ ఒక మూటగా కట్టి ఒకే ఓటుతో ఆమోదించడం మాత్రం వాళ్ళకీ ఉంది, దాన్ని కన్సెంట్ క్యాలెండర్ అంటారు. ఇంకో తేడా, అక్కడ చాలా ఊళ్ళలో మన కమిషనర్ లాంటి సిటీ మేనేజర్‌ని కౌన్సిలే నియమించుకుంటుంది, కౌన్సిలే పంపించేస్తుంది.

మన దగ్గర కౌన్సిల్ హాల్లో పౌరుడికి మైకు లేదు. రాజ్యాంగం 74వ సవరణలో 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలుండాలని 243-ఎస్ అధికరణలో రాశారు. జనం మాట్లాడటానికి ఉద్దేశించిన చోటు అదే. మీ ఊళ్ళో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో కనుక్కోండి, నేనేం చెప్పను.

ప్రశ్న: కౌన్సిల్ పదవీకాలం అయిపోయి ఎన్నికలు జరగకపోతే నిర్ణయాలు ఎవరు చేస్తారు?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ ఊరివాళ్ళకి ఇది బాగా తెలుసే! 2012లో జీవీఎంసీ (మీ విశాఖ కార్పొరేషన్) కౌన్సిల్ గడువు ముగిస్తే మళ్ళీ ఓటు వేసింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్ళు స్పెషల్ ఆఫీసరు పాలన. అప్పుడు కౌన్సిల్ అధికారాలన్నీ ఆ ఒక్క అధికారి సంతకంలో ఉంటాయి, ప్రతిపాదించేదీ ఆమోదించేదీ అధికారులే. పనులు త్వరగా అవుతాయనేవాళ్ళున్నారు, కొన్ని అవుతాయి కూడా. కానీ "ఈ లీజు ఎందుకిచ్చారు" అని ఎదురుగా కూర్చుని అడిగే మనిషి ఉండడు. గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలో 243-యు అధికరణ చెబుతోంది, సుప్రీంకోర్టు కూడా 2006లో అహ్మదాబాద్ కేసులో అదే గట్టిగా చెప్పింది.

ప్రశ్న: ఇంటి పన్ను పెంచేది కౌన్సిలా, ప్రభుత్వమా? ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారు.
— చిరువ్యాపారి, కాకినాడ

జవాబు: ఇద్దరూను. ఆంధ్రాలో 2020లో చట్టం మార్చి అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ (స్థలం, కట్టడం విలువ) మీద పన్ను తెచ్చారు. ఇళ్ళకి 0.10 నుంచి 0.50 శాతం మధ్య అని హద్దులు గీసింది ప్రభుత్వం, ఆ హద్దుల్లో ఎంతో తేల్చే పని స్థానిక సంస్థది. పాత పన్ను మీద పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్నారు. కాబట్టి "మా చేతిలో లేదు" అనే కార్పొరేటర్‌ని ఆ శాతం మీద తీర్మానం పెట్టిన రోజు మీరు ఎటు చెయ్యెత్తారని అడగండి.

ప్రశ్న: తీర్మానాల కాపీ నాలాంటివాళ్ళకి ఇస్తారా? ఆఫీసుకి వెళ్తే "మీకెందుకు" అన్నారు.
— ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఇవ్వాలి. సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4(1)(బి) తీసి చూడండి. ఏయే కౌన్సిళ్ళు, కమిటీలు ఉన్నాయి, వాటి సమావేశాలకి జనం వెళ్ళొచ్చా, మినిట్స్ (సభలో ఏం జరిగిందో రాసిన రికార్డు) జనానికి అందుబాటులో ఉన్నాయా అన్నది ఎవరూ అడగకుండానే ప్రకటించాలని ఉంది. ముందు వెబ్‌సైట్‌లో వెతకండి. లేకపోతే తెల్లకాగితం మీద ప్రజా సమాచార అధికారి పేరున అర్జీ రాసి 10 రూపాయల ఫీజు కట్టండి, తెల్లకార్డు వాళ్ళకి అదీ అక్కర్లేదు. కాపీకి పేజీకి 2 రూపాయలు. ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు, చట్టమే వద్దంది. 30 రోజుల్లో ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు. ఇంకో చిట్కా, "మా డివిజన్ పనుల వివరాలు" అని గాలికి రాయకండి. "ఫలానా తేదీన జరిగిన సర్వసభ్య సమావేశం అజెండా, టేబుల్ అజెండా, మినిట్స్, సభ్యుల హాజరు పట్టీ" అని విడివిడిగా అడగండి. టేబుల్ అజెండా మాట రాయకపోతే అసలు పుస్తకం ఒక్కటే ఇచ్చి ఊరుకుంటారు.