ఆస్ట్రేలియాలో సముద్రతీరం, ఎడారి రెండూ ఒకే ట్రిప్‌లో చూడొచ్చా? మా 31 రోజుల అనుభవం

మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మెల్‌బోర్న్‌లో ఉన్న మీ అబ్బాయి దగ్గరికి వెళ్తున్నారు. అక్కడి నుంచి మీరిద్దరే ఒక నెల పాటు ఉత్తరాన బీచ్‌లు, మధ్యలో ఎడారి చూసి రావాలనుకుంటున్నారు. ఇద్దరికీ అరవై దాటింది, శాకాహారులు, మీవారికి మోకాళ్ల నొప్పి. ఎడారికి వెళ్లడం దండగ, బీచ్‌లు చూసుకుని వచ్చేయండని చుట్టాలందరూ అంటున్నారు. ఏం చేయమంటారని అడిగారు.

ఎడారి మానకండి అమ్మా. మానాల్సినవి వేరే ఉన్నాయి, చెప్తాను.

మాది కాకినాడ. నేను స్కూల్లో టీచర్‌గా చేసి మానేశాను, మావారు టెలికాం శాఖలో రిటైరయ్యారు. 2023 జూన్, జులైలో 31 రోజులు తిరిగాం. మా అమ్మాయి మొదట వేసిన ప్లాన్‌లో 17 ఊళ్లున్నాయి. చూడగానే నాకు టెన్షన్ పట్టుకుంది, రోజూ సూట్‌కేసు సర్దుకోవడమే పనైపోతుందని. మేమిద్దరం కూర్చుని దాన్ని ఐదు మజిలీలకు తగ్గించాం. సిడ్నీ, గోల్డ్ కోస్ట్ తీసేశాం. ఈశాన్య తీరంలోని కెయిర్న్స్ వైపు 10 రోజులు, ఉత్తర కొసన ఉన్న డార్విన్ నగరం, దాని దగ్గరి కకడు జాతీయ వనం కలిపి 8 రోజులు, కారులో దక్షిణానికి 6 రోజులు, ఎడారి మధ్య ఊరు ఆలిస్ స్ప్రింగ్స్‌లో 3, ఎర్రటి పెద్ద రాతి కొండ ఉలురు దగ్గర 4. మేం తీసుకున్న నిర్ణయాల్లో ఇంతకంటే మంచిది లేదు.

ముందు నెలల సంగతి. అక్కడి ఉత్తరంలో ఉన్నవి రెండే కాలాలనుకోండి, వానలు, ఎండు రోజులు. వానాకాలంలో కకడులో సగం దారులు మూసేస్తారు. కెయిర్న్స్ తీరంలో నవంబరు నుంచి మే దాకా విషపు జెల్లీఫిష్‌లు వస్తాయి. ఎడారిలోనేమో డిసెంబరు, జనవరిల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రెండు వైపులా హాయిగా తిరగగలిగేది జూన్ నుంచి ఆగస్టు దాకా. అప్పుడు డార్విన్‌లో పగలు 30 డిగ్రీలు, మన సంక్రాంతి మధ్యాహ్నంలా ఉంటుంది. ఉలురు దగ్గర మాత్రం తెల్లవారుజామున సున్నాకు దిగుతుంది. స్వెట్టరు, మంకీ క్యాప్, చేతి గ్లౌజులు పెట్టె అడుగున పడేయకుండా పైన పెట్టుకోండి.

వరస కూడా సముద్రంతో మొదలుపెట్టి ఎడారితో ముగించండి. పచ్చదనం నుంచి మెల్లగా ఎర్రమట్టికి వెళ్తుంటే కళ్లు అలవాటు పడతాయి.

కెయిర్న్స్ ఊరి ముందు బీచ్ ఉంటుందని వెళ్తే నిరాశపడతారు. ఆటుకు నీళ్లు వెనక్కి పోతే కనిపించేది బురదే. అందుకే ఒడ్డున ఊరివాళ్ల కోసం ఉప్పునీటి కొలను కట్టారు, అందరికీ ఉచితం. అసలు చూడాల్సింది పడవెక్కి వెళ్లే గ్రేట్ బ్యారియర్ రీఫ్. 2,300 కిలోమీటర్ల పొడవున పగడపు దిబ్బలు. ఈ జూన్, ఆగస్టు మధ్య, అంటే అక్కడి చలికాలంలో, ఆగ్నేయ గాలులు గట్టిగా వీస్తాయి కాబట్టి పడవ బాగా ఊగుతుంది. బయల్దేరే గంట ముందే వాంతుల మాత్ర వేసుకోండి, ఊగడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

నాకు ఈత రాదు. సముద్రం పక్కనే పుట్టి పెరిగినా మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. పడవలో పనిచేసే అమ్మాయి నాకు లైఫ్ జాకెట్ తొడిగి, నడుం కింద పొడవాటి స్పాంజి గొట్టం పెట్టి, మాస్కు బిగించి, చెయ్యి పట్టుకుని దింపింది. మొదటి రెండు నిమిషాలు గుండె దడదడలాడింది. తర్వాత తల నీళ్లలో పెట్టి ఊపిరి కుదుటపడ్డాక ఒక చప్పుడు వినపడింది. కరకర, కరకర. ఎవరో పక్కన కూర్చుని జంతికలు నములుతున్నట్టు. చూస్తే ఆకుపచ్చా గులాబీ కలిసిన చేప ఒకటి, చిలుక ముక్కులాంటి నోటితో పగడపు రాయిని కొరుకుతోంది. పేరు కూడా ప్యారట్ ఫిషే. అది రాయి మీది నాచు కోసం కొరికి, నమిలి, రాతిపొడిని ఇసుకగా వదిలేస్తుందట. అక్కడి దీవుల తెల్లటి ఇసుకలో చాలా భాగం వాటి పొట్టలోంచి వచ్చిందేనని పడవవాళ్లు చెప్పారు. ఈత రాదని మీరు మాత్రం పడవలోనే కూర్చోవద్దు. దిగడం అస్సలు కుదరకపోతే అద్దాల అడుగున్న పడవలుంటాయి, వాటిలోంచి చూడొచ్చు.

కెయిర్న్స్ నుంచి ఉత్తరానికి కారులో పోతే పోర్ట్ డగ్లస్, ఆపైన డైన్‌ట్రీ నది. నది మీద వంతెన లేదు, ఇనుప తాళ్ల మీద నడిచే ఫెర్రీలో కారుతో సహా దాటాలి. అవతల కేప్ ట్రిబ్యులేషన్ దాకా ప్రపంచంలోనే చాలా పాతదైన వానల అడవి, నేరుగా సముద్రంలోకి దిగినట్టుంటుంది. చెక్క బాట మీద నడుస్తుంటే కింద మడ చెట్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు, ఆ పులుపు వాసన. "ఇది మన కోరింగే!" అన్నారు మావారు. ఆ రాత్రి గదిలో మ్యాప్ తిరగేస్తుంటే కెయిర్న్స్‌కు తూర్పున కోరల్ సీలో నిజంగానే కోరింగ అని చిన్న దీవులు కనిపించాయి! మా ఊరి పక్క పేరు అంత దూరాన మ్యాప్‌లో చూస్తే ఒళ్లు పులకరించింది.

ఒక్క తేడా ఉంది, మొసళ్లు. కోరింగలో మనం పడవలోంచి చేయి నీళ్లలో పెడతాం. అక్కడ ఆ పని చేయకూడదు. నీటి అంచుకు కనీసం 5 మీటర్లు దూరంగా ఉండమని బోర్డులుంటాయి. నది, వాగు, బీచ్ అన్నిటికీ అదే లెక్క. ఫొటో కోసం కూడా దగ్గరికి వెళ్లకండి.

కెయిర్న్స్ నుంచి డార్విన్‌కు విమానంలో రండి. కారులో అయితే 2,400 కిలోమీటర్లకు పైనే, మన వయసుకు ఆ శ్రమ అక్కర్లేదు. డార్విన్‌లో గురు, ఆదివారాల్లో మిండిల్ బీచ్ దగ్గర సాయంత్రం సంత జరుగుతుంది. సూర్యుడు సముద్రంలోకి దిగడం చూడటం నాకు అక్కడే కుదిరింది. తూర్పు తీరం వాళ్లం కదా, మనకు ఉదయించడమే తెలుసు.

కకడుకు మూడు రోజులివ్వండి. యెల్లో వాటర్ అనే మడుగులో సూర్యోదయానికి బయల్దేరే పడవ ముందే బుక్ చేసుకోండి. పొగమంచు, గులాబీ రంగు తామరలు, వేల బాతులు, నల్ల మెడతో ఎర్ర కాళ్లతో మనిషి ఛాతీ ఎత్తున నిలబడ్డ జబిరు కొంగ. కొల్లేరు ఒకప్పుడు ఎలా ఉండేదో మా నాన్నగారు చెప్తే విన్నాను, అది గుర్తొచ్చింది. ఉబిర్ దగ్గర కొండ రాళ్ల మీద బొమ్మలు చూడండి. చేప ఎముకలు, పేగులు కనిపించేలా లోపలి నుంచి గీసిన బొమ్మలు. చారల ఒంటితో తోడేలును పోలిన థైలసీన్ అనే జంతువు బొమ్మ కూడా ఉంది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో ఆ జంతువు అంతరించి 2,000 ఏళ్లు దాటింది, అంటే బొమ్మ అంతకంటే పాతది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఈ బొమ్మల వరకు మెల్లగా నడవగలరు. సూర్యాస్తమయం కోసం పైకెక్కే రాతి మెట్టు మాత్రం కాస్త కష్టం.

ఇక అందరూ భయపెట్టే భాగం. డార్విన్ నుంచి ఆలిస్ స్ప్రింగ్స్‌కు స్టువర్ట్ హైవే, 1,500 కిలోమీటర్లు. మొత్తం తారు రోడ్డు, మనలాగే ఎడమ వైపు డ్రైవింగ్. మన లైసెన్సు ఇంగ్లిషులో ఉంటే చాలు. కారు తీసుకునేటప్పుడు మూడు విషయాలు కాగితంలో చదవండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తున్నారు, వేరే ఊళ్లో అప్పగిస్తే ఎంత తీసుకుంటారు, చీకటి పడ్డాక నడిపితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా లేదా. ఈ మూడోది మేం చదవలేదు.

ఆ దారిలో ‘కార్లు కార్లు’ అనే పేరున్న చోటు ఒకటి ఉంది, గుండ్రటి ఎర్ర బండరాళ్లు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. అక్కడ మైమరచి కూర్చుండిపోయాం. మూడున్నరకు బయల్దేరి ఆలిస్‌కు చేరిపోదామనుకున్నాం, ఇంకా దాదాపు 400 కిలోమీటర్లుంది. ఆరు దాటగానే చీకటి పడిపోయింది. లైట్ల వెలుగులో ఉన్నట్టుండి కంగారూ. మావారు బ్రేకు తొక్కారు, కారు ఊగి ఆగింది. అది కారు ముందు నిలబడి మా వంక చూసి, ఒక్క గెంతులో పొదల్లోకి పోయింది. ఆయన చేతులు స్టీరింగ్ మీద వణుకుతున్నాయి. ఇరవై నిమిషాలు ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత వచ్చిన రోడ్‌హౌస్‌లో, అంటే హైవే పక్కన పెట్రోలు, తిండి, గదులు దొరికే చోట, గది అడిగి పడుకున్నాం. ఇన్సూరెన్స్ కాగితం అప్పుడు తీసి చదివితే రాత్రి నడపకూడదని స్పష్టంగా ఉంది. అందుకే చెప్తున్నాను, సాయంత్రం నాలుగున్నరకల్లా ఎక్కడో ఒకచోట బండి ఆపేయండి. సాయంత్రాలూ తెల్లవారుజాములూ కంగారూలవి, పశువులవి.

రోడ్ ట్రైన్లని మూడు, నాలుగు ట్రెయిలర్లు తగిలించుకున్న లారీలు వస్తాయి, ఒక్కోటి 53 మీటర్ల దాకా ఉంటుంది. తొందరపడి దాటకండి. ప్రతి రోడ్‌హౌస్ దగ్గరా పెట్రోలు నింపుకోండి, లీటరు 2 డాలర్ల పైన ఉన్నా సరే. ఊళ్ల మధ్య ఫోన్ పనిచేయదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కారులో పది లీటర్ల నీళ్లు ఎప్పుడూ ఉండాలి. దారిలో మటరాంకా దగ్గర తప్పకుండా ఆగండి. తాటి చెట్లను పోలిన చెట్ల తోపు మధ్యలో వెచ్చటి ఊట, నీళ్లు 34 డిగ్రీలు. మీవారి మోకాళ్లకు మందులా పనిచేస్తుంది, మావారికి చేసింది.

తిండి సంగతి అడిగారు కదా. రోడ్‌హౌస్‌లలో మనకు దొరికేది బంగాళాదుంప వేపుడు, చీజ్ శాండ్‌విచ్. మేం చిన్న రైస్ కుక్కర్ కారులో పెట్టుకున్నాం. క్యారవాన్ పార్కుల్లో వంటగది ఉన్న క్యాబిన్లు అద్దెకిస్తారు, హోటల్ కంటే అవే నయం. డార్విన్, క్యాథరిన్, ఆలిస్‌లలో పెద్ద సూపర్ మార్కెట్లున్నాయి, పెరుగు, కూరగాయలు, బియ్యం అక్కడ కొనుక్కోవచ్చు. కందిపొడి, చింతకాయ పచ్చడి ఇక్కడి నుంచే తీసుకెళ్లాం. విమానాశ్రయంలో ఇచ్చే కార్డులో అన్నీ రాసి చూపించాం, చూసి పంపించేశారు. దాచిపెడితే జరిమానా వేస్తారు. పాల స్వీట్లు, విత్తనాలు ఇంట్లోనే వదిలేయండి.

ఆలిస్ స్ప్రింగ్స్ గురించి రాయకపోతే నాకు తృప్తి ఉండదు. ఊరికి ఉత్తరాన పాత టెలిగ్రాఫ్ స్టేషన్ ఉంది. 1872లో అడిలైడ్ నుంచి డార్విన్ దాకా ఎడారి మీదుగా తీగ వేశారు, అందులో ఇదొక మజిలీ. దీన్ని వేయించిన చార్లెస్ టాడ్ భార్య ఆలిస్ పేరే ఊరికి వచ్చింది. డార్విన్ నుంచి సముద్రం అడుగున జావాకు కేబుల్, అక్కడి నుంచి సింగపూర్, పినాంగ్, మన మద్రాసు, ఆపైన లండన్. మావారు 1981లో రాజమండ్రి తంతి ఆఫీసులో ఉద్యోగంలో చేరి, టక్కు టక్కు చప్పుళ్లతో కబురు పంపే మోర్స్ నేర్చుకున్న మనిషి. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రామ్ ఆపేసిన రోజు భోజనం సరిగా చేయలేదు. ఆ రాతి గదిలో బల్ల మీద ఇత్తడి మోర్స్ కీ చూసి ఆగిపోయారు. వందేళ్ల కిందటి కబురు ఇక్కడ వినిపించుకుని మళ్లీ కొట్టి ముందుకు పంపితేనే మద్రాసు చేరేదని నాకు వివరించారు. చెప్తూనే ఆయన చూపుడు వేలు కిటికీ చెక్క మీద టక్కు టక్కుమంటోంది. "ఏం కొడుతున్నారండీ?" అని అడిగాను. "నీ పేరు" అన్నారు. పెళ్లై ముప్పై ఆరేళ్లు, నా పేరు అలా ఉంటుందని ఎప్పుడూ వినలేదు.

ఆ ఎడారి దండగని మీకు చెప్పినవాళ్లు ఎవరైనా అక్కడ మూడు రాత్రులు ఉండి చూశారేమో అడగండి.

ఉలురు ఆలిస్ నుంచి 450 కిలోమీటర్లు. పక్కనే ఉన్న యులారాలో తప్ప దగ్గరలో బస లేదు, ఖరీదు ఎక్కువ, నాలుగైదు నెలల ముందే బుక్ చేయండి. ఆ కొండ 348 మీటర్ల ఎత్తు. అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు అది పవిత్రం. 1985లో వాళ్లకు తిరిగి అప్పగించారు, 2019 అక్టోబరు నుంచి ఎక్కడం పూర్తిగా ఆపేశారు. కొన్ని చోట్ల ఫొటోలు తీయవద్దని బోర్డులుంటాయి, మన గర్భగుడి ముందు ఎలా ఉంటామో అలాగే ఉండండి. చుట్టూ నడక 10 కిలోమీటర్ల పైనే, మీవారిని దానికి పెట్టకండి. ముటిజులు నీటిమడుగు దాకా చదునైన చిన్న దారి ఉంది. మేం అక్కడికి రెండుసార్లు వెళ్లాం. రెండోసారి మా ఇద్దరం తప్ప ఎవరూ లేరు. పిట్ట అరుపు కొండకు తగిలి తిరిగొస్తోంది.

చివరిగా, డార్విన్‌లో రెండు మడత కుర్చీలు కొనుక్కోండి, ఒక్కోటి పదీ పదిహేను డాలర్లు. నిలబడి సూర్యాస్తమయం చూడటం మోకాళ్లకు కష్టం, ఆ కుర్చీల్లో కూర్చుంటే గంట సేపు కొండ రంగులు మారడం తీరిగ్గా చూడొచ్చు. ఇటుక రంగు, కుంకుమ, వంకాయ రంగు, తర్వాత బూడిద. ఫ్లాస్కులో కాఫీ పోసుకెళ్లండి, చలికి బాగుంటుంది. మా కుర్చీలు తిరిగొచ్చేటప్పుడు పక్క క్యాబిన్‌లో దిగిన కొత్త జంటకు ఇచ్చేసి వచ్చాం.