మూడో వారానికే చెదిరిపోయే వాకింగ్ గ్యాంగుకి
కేబీఆర్ పార్కు చుట్టూ రోజూ అదే రౌండు, ముగ్గురు ముందు, ఇద్దరు వెనక, మూడో వారానికి సగం మంది డుమ్మా అన్నారు కదండీ. మాదీ అదే కథ. రూటు మార్చాకే బాగుపడ్డాం.

ఆదివారం పొద్దున్నే, షాపులు తెరవకముందు, చార్మినార్ నుంచి గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి మీదుగా నయాపుల్ దాటి అఫ్జల్‌గంజ్. వారానికొకరు లీడరు, దారిలో ఒక్క కథైనా చెప్పాలి. మావాడొకడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు కింద ఆపి, 1908 మూసీ వరదలో దాదాపు 150 మంది ఈ చెట్టెక్కే బతికారన్నాడు. ఎప్పుడూ ఫోన్లోంచి తలెత్తనివాడు కూడా మెడ పైకెత్తి కొమ్మలు లెక్కపెట్టాడు!

అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లని ముందుంచండి. చాయ్, ఉస్మానియా బిస్కెట్ చివర్లోనే. ముందే కూర్చుంటే ఇక ఎవరూ లేవరు. స్టెప్పుల పోటీ మాత్రం పెట్టకండి, మాలో ఇద్దరికి ఇప్పటికీ మాటల్లేవు.