డాక్యుమెంటేషన్ సైటును ఎక్కడి నుంచి బాగుచేయాలి?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు డాక్యుమెంటేషన్ సైటును, అంటే సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో చెప్పే సైటును, మెరుగుపరచాలంటే ముందు రంగులు, మెనూలు మార్చాలా అని అడిగారు. అక్కర్లేదు. ఒక కొత్తవారిని కూర్చోబెట్టి, నోరు మెదపకుండా గమనించండి. రాయగడలో మా మేనల్లుడు మా ఇన్‌స్టలేషన్ పేజీ చూస్తూ మూడో మెట్టు దగ్గరే ఆగిపోయాడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కంప్యూటర్‌లో ముందే ఉండాలని మేము ఎక్కడా రాయలేదు. మాకు తెలిసిందే కదా, అందుకే లోపం కనబడలేదు!

పాఠం, పని సూచనలు, రిఫరెన్స్ (వెతికి చూసుకునే వివరాలు), వివరణ - ఈ నాలుగింటినీ విడిగా ఉంచాలంటుంది డాక్యుమెంటేషన్‌ను అమర్చే డయాటాక్సిస్ పద్ధతి. మా సైటులో అన్నీ కలగాపులగమే. అసలు శ్రమంతా వాటిని విడదీయడంలోనే ఉంది.

తెలుగు, ఒడియా పేజీలుంటే వరుసల మధ్య ఎడం పెంచండి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడంలో ‘రాష్ట్రం’ ఒత్తులు కింది వరుసను తాకుతాయి. పేజీ ఏ భాషలో ఉందో కంప్యూటర్‌కు చెప్పే భాష కోడు ఇవ్వడమూ మరవకండి. లేకపోతే తెరపై అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తడబడవచ్చు.