సొంత ప్లగ్గు లేకుండా ఈవీ జోలికి పోవద్దు

ప్రశ్న: డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. హెచ్1బీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. ఆఫీసు ప్లేనోలో, రానూపోనూ 44 మైళ్ళు. గ్యాస్‌కే (పెట్రోలుకే) నెలకు 120 డాలర్ల పైన అవుతోంది. రేట్లు ఇంకా పెరుగుతాయంటూ ఫ్రెండ్స్ అందరూ ఈవీ (ఎలక్ట్రిక్ కారు) తీసుకోమంటున్నారు. తీసుకోమంటారా అన్నా?

జవాబు: తమ్ముడూ, ఒక్క మాట అడుగుతాను. రాత్రి బండి నిలిపే చోట నీకంటూ ఒక ప్లగ్గు ఉందా? అపార్ట్‌మెంట్ అంటున్నావు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. లేకపోతే ఈవీ మాట ఇప్పటికి పక్కన పెట్టు. మా బ్యాచ్ వాళ్ళం కారు చూసి మురిసిపోయి, కరెంటు సంగతి తర్వాత చూసుకుందాంలే అనుకున్నాం. అక్కడే దెబ్బ తిన్నాం. మేం వేల డాలర్లు పోసి నేర్చుకున్నది నువ్వు ఊరికే నేర్చుకో.

ముందు లెక్క చూడు. నెలకు 1,200 మైళ్ళు, గ్యాలన్ 3 డాలర్లు అనుకుందాం. గ్యాలన్‌కు 30 మైళ్ళిచ్చే మామూలు కారుకి 40 గ్యాలన్లు, అంటే 120 డాలర్లు. గోడ దగ్గర మీటరు లెక్కన ఈవీ యూనిట్‌కు మూడు మైళ్ళు వస్తుందనుకో. కారు తెర మీద మూడున్నర చూపించినా ఛార్జింగ్‌లో పోయేది పోగా చేతికొచ్చేది ఇంతే. నెలకు 400 యూనిట్లు కావాలి. ఇంట్లో యూనిట్ 15 సెంట్లయితే 60 డాలర్లు. మీ ఫ్రెండ్స్ చెప్పే లెక్క ఇదే, అందులో తప్పు లేదు. కానీ నీకు ఇల్లు లేదు. రోడ్డు మీద ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ 45 సెంట్లయితే అదే 400 యూనిట్లకు 180 డాలర్లు. ఇప్పుడు గ్యాస్‌కు పెడుతున్నదానికంటే 60 ఎక్కువ!

గ్యాస్ 2022 జూన్‌లో దేశ సగటు లాగా 5 డాలర్లు తాకితే అంటావేమో. అప్పుడు నీకు నెలకు 200 అవుతుంది. ఫాస్ట్ ఛార్జర్‌తో పోల్చినా మిగిలేది 20 డాలర్లు. ఆ 20 కోసం వారానికి రెండుసార్లు, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి పార్కింగ్ లాట్‌లో అరగంట కూర్చోవాలి. బ్యాటరీ 80 శాతం దాటాక ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడితో ఆపి బయల్దేరాలి. నిండిన తర్వాత కూడా వైరు తీయకపోతే చాలా చోట్ల నిమిషానికి ఇంతని వేరే వసూలు చేస్తారు.

ఆఫీసులో ఫ్రీ ఛార్జింగ్ ఉంది కదా అని చాలామంది ధైర్యం చేస్తారు. ఎన్ని ఛార్జర్లున్నాయో, ఎంతమంది ఈవీలు తెస్తున్నారో ముందు చూడు. అంతకంటే ముఖ్యం, ప్రాజెక్టు మారితే ఆఫీసూ మారుతుంది, ఛార్జరూ పోతుంది. కారు లోను మాత్రం నీతోనే ఉంటుంది.

ఇక్కడే నాకు అసలు భయం. కొత్తగా వచ్చినవాళ్ళకి క్రెడిట్ హిస్టరీ (అప్పులు తీర్చిన రికార్డు) ఉండదు, అందుకే వడ్డీ ఎక్కువ పడుతుంది. డీలర్ దగ్గర మొదటి ప్రశ్న ‘నెలకు ఎంత కట్టగలరు?’ అనే వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకు. చెప్పావంటే లోను 84 నెలలకు సాగదీసి, నువ్వు చెప్పిన అంకెలో ఇమిడ్చి చూపిస్తారు. 35,000 డాలర్లకు 10 శాతం వడ్డీతో 84 నెలలంటే నెలకు 581 డాలర్లు, మొత్తం మీద వడ్డీయే 13,800 దాకా. గ్యాస్‌లో నెలకు 60 మిగుల్చుకోవడానికి ఇంత భారమా? పైగా ఉద్యోగం పోతే హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి దొరికే గడువు 60 రోజులకు మించదు. ఆ రెండు నెలల్లో కారు అమ్మాల్సి వస్తే, ఇంకా కట్టాల్సిన అప్పు కంటే కారు ధర తక్కువ పలుకుతుంది. ఆ తేడా చేతి నుంచి కట్టి వెళ్ళాలి. ఈవీల ధర మొదటి మూడేళ్ళలో బాగా పడిపోతుంది కాబట్టి ఆ గొయ్యి ఇంకా లోతు.

పోనీ లీజు తీసుకుంటానంటావా? టెక్సస్‌లో లీజుకిచ్చిన కారు మీద 6.25 శాతం సేల్స్ టాక్స్ మొత్తం ధరకూ పడుతుంది. కంపెనీ దాన్ని సాధారణంగా మన నెత్తినే వేస్తుంది. 40,000 కారుకి 2,500 డాలర్లు, మూడేళ్ళే వాడుకుని తిరిగిచ్చేసే బండికి. కాలిఫోర్నియాలో ఉన్న మిత్రుడి లీజు లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. 2023 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో ఈవీకి కొత్త రిజిస్ట్రేషన్ అప్పుడు 400, ఆ తర్వాత ఏటా 200 డాలర్లు అదనంగా కట్టాలి. మామూలు కార్లు గ్యాలన్‌కు 20 సెంట్ల రాష్ట్ర పన్ను కడతాయి, ఈవీలు కట్టవు కాబట్టి దాని బదులని. నువ్వు ఏడాదికి కాల్చేది 480 గ్యాలన్లు, అంటే ఆ పన్ను 96 డాలర్లే. దాని స్థానంలో 200 కడతావు. ఫెడరల్ ప్రభుత్వం కొత్త ఈవీలకిచ్చిన 7,500 డాలర్ల పన్ను తగ్గింపు (క్రెడిట్), పాత ఈవీలకిచ్చిన 4,000 క్రెడిట్ రెండూ 2025 సెప్టెంబరు 30తో ముగిశాయి. అంతకుముందు కొన్నవాళ్ళ లెక్కలు విని మోసపోకు. ఇవన్నీ డీఎంవీ (రాష్ట్ర వాహనాల శాఖ), ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) సైట్లలో ఉంటాయి, ఒకసారి చూసుకో.

సరే, రేపు ఇల్లు కొంటావు, గ్యారేజీ వస్తుంది. అప్పుడు ఈవీ నిక్షేపంగా తీసుకో. అప్పటికైనా పనికొస్తుందని ప్లగ్గు సంగతి పూర్తిగా చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువ తప్పులు చేసేది ఇందులోనే.

ఇక్కడ గోడకుండే మామూలు ప్లగ్గు 120 వోల్టులు. మన ఊళ్ళో గీజరు పెట్టే 16 ఆంప్స్ సాకెట్ 230 వోల్టుల మీద 3.6 కిలోవాట్ల పైన ఇస్తుంది. ఇక్కడి గోడ ప్లగ్గు నుంచి కారు లాగేది 12 ఆంప్స్, అంటే 1.44 కిలోవాట్లు, అందులో సగం కూడా కాదు. అయినా చిన్నచూపు చూడకు. రాత్రి పది గంటలు పెడితే 14 యూనిట్లు, 43 మైళ్ళు. నీ రోజువారీ ప్రయాణం దాదాపు అంతే కదా! అదే సర్క్యూట్ మీద గ్యారేజీ ఫ్రిజ్ ఉంటే మాత్రం అర్ధరాత్రి బ్రేకర్ పడిపోతుంది. పొద్దున్నే చూస్తే కారు ఛార్జ్ కాదు, ఫ్రిజ్‌లో ఊరి నుంచి తెచ్చిన పచ్చళ్ళూ, ఇడ్లీ పిండీ పాడవుతాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే అంతకంటే ప్రమాదం. గంటల తరబడి 12 ఆంప్స్ లాగితే సన్నపు వైరు వేడెక్కి కరుగుతుంది.

240 వోల్టుల లైను వేయించేటప్పుడు అందరూ 50 ఆంప్స్ అడుగుతారు. గంటల తరబడి నడిచే లోడు బ్రేకర్‌లో 80 శాతం దాటకూడదు కాబట్టి 50కి 40 ఆంప్స్, అంటే 9.6 కిలోవాట్లు వస్తుంది. కానీ నీకు డ్రయ్యర్ సైజు 30 ఆంప్స్ లైను చాలు. దాని మీద 24 ఆంప్స్, 5.7 కిలోవాట్లు. ఎనిమిది గంటల్లో 45 యూనిట్ల పైన, అంటే దాదాపు 135 మైళ్ళు. పాత ఇళ్ళలో ప్యానెల్ (ఇల్లంతటికీ కరెంటు పంచే మెయిన్ బాక్సు) 100 లేదా 125 ఆంప్స్‌దే ఉంటుంది. రెండు ఏసీలు, కరెంటు ఓవెన్ ఉన్నచోట 50 ఆంప్స్ లైను అడిగితే ప్యానెలే మార్చాలంటాడు ఎలక్ట్రీషియన్. అక్కడికి ఖర్చు వందల నుంచి వేలలోకి పోతుంది. 30 అడిగితే చాలాసార్లు ఆ అవసరమే రాదు. ప్యానెల్ గ్యారేజీ గోడకే ఉందా, ఇంటికి అవతలి పక్కన ఉందా అన్నది ఇల్లు కొనేటప్పుడే చూసుకో. రాగి వైరు అడుగుకింత లెక్క.

ప్లగ్గు నాణ్యతలో కక్కుర్తి పడకు. హార్డ్‌వేర్ షాపులో పది పదిహేను డాలర్లకు దొరికే 14-50 రిసెప్టకిల్ (240 వోల్టుల గోడ సాకెట్) వంట స్టవ్ కోసం చేసింది. స్టవ్ అరగంట వాడతాం, ఏడాదికోసారి కూడా ప్లగ్గు పీకం. కారు రోజూ రాత్రంతా లాగుతుంది. లోపలి స్ప్రింగులు వదులై, కాంటాక్టు దగ్గర వేడి పుడుతుంది. ముందు పిన్ను పక్కన ప్లాస్టిక్ టీ మరకలా గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత ఉబ్బుతుంది, ఆ తర్వాత కాలిన వాసన. ఇండస్ట్రియల్ గ్రేడ్ రిసెప్టకిల్ వేయించు. లేదంటే ప్లగ్గే లేకుండా ఛార్జర్‌ని నేరుగా వైరుకి కలిపించు, అదే మేలు. ప్లగ్గు పెడితే గ్రౌండ్ ఫాల్ట్ బ్రేకర్ (కరెంటు లీకైతే లైను ఆపేసేది) కూడా అడుగుతారు. ఛార్జర్‌లోనూ అలాంటి రక్షణే ఉంటుంది కాబట్టి రెండూ పోట్లాడుకుని ఊరికే ట్రిప్ అవుతుంటాయి. నేరుగా కలిపితే ఆ గొడవ ఉండదు. సిటీ పర్మిట్ తీసుకున్నాడో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడుగు. మొదటి రోజు గంట ఛార్జింగ్ అయ్యాక ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపేసి స్క్రూలు బిగింపు సరిచూపించు.

కరెంటు ప్లాన్ కూడా అప్పుడే మార్చుకోవాలి. డాలస్ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో కంపెనీని మనమే ఎంచుకోవచ్చు, పవర్ టు చూజ్ సైట్‌లో అన్నీ ఉంటాయి. ప్రకటనలోని రేటు కాదు, ఫ్యాక్ట్స్ లేబుల్ చదువు. అందులో 500, 1,000, 2,000 యూనిట్ల దగ్గర సగటు ధర వేరువేరుగా ఉంటుంది. 1,000 యూనిట్లు దాటితే బిల్లులో తగ్గింపు (క్రెడిట్) ఇచ్చే ప్లాన్‌లో 990 వాడితే క్రెడిట్ మొత్తం పోతుంది. రాత్రిళ్ళు ఫ్రీ అనే ప్లాన్‌లో పగటి రేటు పెంచి పెడతారు. జులైలో ఇంట్లో పెద్దవాళ్ళు, పిల్లలు ఉండి పగలంతా ఏసీ నడిస్తే, రాత్రి కారుకి మిగిలింది పగలు పోతుంది. హోల్‌సేల్ ధరకి ముడిపెట్టిన ప్లాన్లు ఒకప్పుడు ఉండేవి, ఇళ్ళకి వాటిని అమ్మకుండా టెక్సస్ 2021లో నిషేధించింది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో ఆ ధర యూనిట్‌కు 9 డాలర్లకు చేరింది.

ఇప్పుడు నీ సంగతి. గ్యాలన్‌కు 50 మైళ్ళిచ్చే పాత టొయోటా హైబ్రిడ్ (గ్యాస్‌తో పాటు బ్యాటరీ కూడా ఉండి, ప్లగ్గు అక్కర్లేని కారు) చూడు. నెలకు 24 గ్యాలన్లు, 72 డాలర్లు. ఇంట్లో ప్లగ్గున్న ఈవీకి 60, దాని మీద ఏటా 200 ఫీజు నెలకు 17 దాకా కలిపితే 77. చూశావా, ప్లగ్గున్నవాడి కంటే కూడా నీకే తక్కువ! 2020 మోడల్ నుంచి వాళ్ళ హైబ్రిడ్ బ్యాటరీకి 10 ఏళ్ళు లేదా 150,000 మైళ్ళ వారంటీ ఉంది. కొనేముందు బ్యాటరీకి గాలి పీల్చే ఫిల్టరు చూడు, చాలా మోడళ్ళలో వెనక సీటు దగ్గర ఉంటుంది. దుమ్ముతో మూసుకుపోతే బ్యాటరీ వేడెక్కి త్వరగా పాడవుతుంది. టొయోటా హైబ్రిడ్లలోనే మరీ పాత ప్రియస్‌ల కెటలిటిక్ కన్వర్టర్‌ని (కారు కింద పొగను శుభ్రపరిచే భాగాన్ని) దొంగలు కోసుకుపోతారు, అపార్ట్‌మెంట్ ఆరుబయట పార్కింగ్‌లో అది మరీ తేలిక. అలాంటిది కొంటే కిందకి స్టీలు షీల్డ్ వేయించు. ఇన్సూరెన్స్ కోట్ మాత్రం కారు విన్ నంబరు (ప్రతి కారుకీ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) ఇచ్చి, డబ్బు కట్టకముందే తెప్పించుకో. ఇక్కడ డ్రైవింగ్ రికార్డు లేనివాళ్ళకి అంకె చూస్తే గుండె జారుతుంది.

మీ అపార్ట్‌మెంట్ లీజు రెన్యువల్‌కి వచ్చినప్పుడు లీజింగ్ ఆఫీసులో ఛార్జర్ ఉందా అని మాత్రమే అడగకు, ‘ఉంది’ అంటారు. ఎన్ని ఉన్నాయి, యూనిట్‌కు ఎంత, పాడైతే ఎవరు బాగుచేస్తారు, రాత్రి ఎంతసేపు ఉంచుకోవచ్చు అని అడుగు. ఆ తర్వాత రాత్రి పదింటికి ఒకసారి అటు నడిచి వెళ్ళి, ఎన్ని ఖాళీగా ఉన్నాయో నీ కళ్ళతో చూసి రా.